చెరువు కట్ట పనికి టెండరు పిలవాలా, నామినేషన్ సరిపోతుందా? తేల్చుకోవడం ఎలా

చెరువు కట్ట బలోపేతం, కుంట పూడికతీత, గుట్ట కింద కందకాలు, చెక్‌డ్యాం మరమ్మతు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఎండలు ముదిరే సరికి ఇలాంటి పనుల ఫైళ్లు కదులుతాయి. ప్రతి ఫైలు దగ్గరా మొదట లేచే ప్రశ్న ఒకటే: నామినేషన్ మీద, అంటే పోటీ లేకుండా ఒకరికి నేరుగా ఇచ్చేయొచ్చా, టెండరు పిలవాలా? సర్పంచి, పంచాయతీ కార్యదర్శి, వాటర్‌షెడ్ కమిటీ సభ్యుడు, పని తీరు అడగదలచిన ఆయకట్టు రైతు, ఎవరైనా ఈ వరుసలో చూసుకోవచ్చు.

ముందు నిధి ఎవరిదో తేల్చండి

ఒకే రకం పనికైనా ఏ నిధితో, ఏ ఆఫీసు చేయిస్తోందో దాన్ని బట్టి ఎంత మొత్తం దాటితే టెండరు పిలవాలన్న హద్దు మారుతుంది. ఉపాధి హామీ నిధితో చేసే పనైతే టెండరు ప్రశ్నే రాదు. 2005 చట్టంతో మొదలైన నియమం ప్రకారం ఆ పనుల్లో కాంట్రాక్టరుకు చోటు లేదు. సిమెంటు, రాయి వంటి సామగ్రి కొనుగోలుకే పోటీ ధరలు పిలుస్తారు, ఆ సామగ్రి వాటా 40 శాతం దాటకూడదు.

కేంద్ర నిధిని నేరుగా కేంద్ర నియమాలతో ఖర్చు పెట్టే చోట సాధారణ ఆర్థిక నియమాలు వర్తిస్తాయి. 2017లో వచ్చిన రూపంలో వాటి ప్రకారం 25 వేల రూపాయల లోపు వస్తువును కొటేషన్ లేకుండా కొనే వీలుండేది. అక్కడి నుంచి రెండున్నర లక్షల దాకా ముగ్గురు సభ్యుల కమిటీ మార్కెట్లో ధరలు విచారించి కొనాల్సి ఉండేది. 25 లక్షల దాకా ఎంపిక చేసిన సరఫరాదారుల నుంచి టెండర్లు, అది దాటితే బహిరంగ ప్రకటన ఉండేవి. ఈ అంకెలు సవరణలతో మారుతుంటాయి కాబట్టి తాజా ఉత్తర్వు చేతిలో ఉండాలి.

మన చెరువు పనుల్లో ఎక్కువ భాగం రాష్ట్ర శాఖల కింద, రాష్ట్ర జీవోల మీద నడుస్తాయి. ఇక్కడ జనం మూడు వేర్వేరు హద్దులను కలగలిపేస్తుంటారు. నామినేషన్ మీద ఎంత దాకా ఇవ్వొచ్చన్నది ఒకటి. ఎంత దాటితే ఆన్‌లైన్ ఈ-ప్రొక్యూర్‌మెంట్ తప్పనిసరి అన్నది రెండోది. ఏ స్థాయి ఇంజనీరు ఎంత ఎస్టిమేటుకు సాంకేతిక మంజూరు ఇవ్వగలడన్నది మూడోది. డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) సంతకం సరిపోయిందంటే నామినేషన్ కూడా కుదిరినట్టేనని అనుకోవద్దు. ఆఫీసులో నోటి మాటగా చెప్పే అంకెను నమ్మి ముందుకు పోవద్దు కూడా. జీవో నంబరు, తేదీ, శాఖ పేరు కనిపించే కాపీని ఫైల్లో పెట్టించండి. రెండు నిధులు కలిసిన పనైతే ఏ నియమం కఠినమో దాన్నే పాటించడం క్షేమం.

నాగర్‌కర్నూల్ వైపు కుంట అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వస్తే వీటన్నిటికంటే ముందు అటవీ శాఖ అనుమతి కావాలి.

ఎస్టిమేటు ముందు, హద్దు తర్వాత

గొడవల్లో పెద్ద భాగం ఈ వరుస తిరగబడ్డ చోటే పుడుతుంది. హద్దు ఎంతో ముందు చూసుకుని దాని లోపల పడేలా ఎస్టిమేటు గీస్తే, కట్ట కావలసినంత ఎత్తు రాదు, లేదా పని ముక్కలవుతుంది. కట్టకు ఏం కావాలో కొలిచి, ఆ తర్వాతే హద్దు వైపు చూడాలి.

ఒక లెక్క చూడండి. 300 మీటర్ల కట్ట. ఇప్పుడు పైవెడల్పు 1.5 మీటర్లు, ఎత్తు 2.4, రెండు వైపులా వాలు ఒకటిన్నరకు ఒకటి (అడ్డంగా ఒకటిన్నర, నిలువుగా ఒకటి). కట్టను అడ్డంగా కోస్తే కనిపించే ముఖం, అంటే అడ్డుకోత, వైశాల్యం 12.24 చదరపు మీటర్లు. కావలసింది పైవెడల్పు 2.5, ఎత్తు 3, వాలు రెండుకు ఒకటి. ఆ వైశాల్యం 25.5. తేడా 13.26ను 300తో గుణిస్తే 3,978 ఘనపు మీటర్ల మట్టి. తవ్వడం, తోలడం, నీళ్లు కొట్టి రోలర్‌తో తొక్కించడం అన్నీ కలిపి ఘనపు మీటరుకు 200 రూపాయలనుకుంటే 7,95,600 రూపాయలు. 200 ఇక్కడ లెక్క కోసం వేసుకున్న అంకె. అసలు ధర ఆ ఏడాది స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్‌లో చూసి, మట్టి తెచ్చే దూరాన్ని బట్టి కట్టాలి.

దీనిపైన జీఎస్టీ, ఒక శాతం కార్మిక సంక్షేమ సెస్సు వంటివి చేరతాయి. హద్దును పోల్చాల్సింది పన్నులతో కలిపిన మంజూరు మొత్తంతోనా, టెండరులో చూపే ఎస్టిమేటు కాంట్రాక్టు విలువతోనా అన్నది జీవో మాటల్లోనే వెతకండి. హద్దుకు దగ్గరగా ఉన్న పనుల్లో జవాబు దీని మీదే ఆధారపడుతుంది.

ముక్కలు చేయొద్దు

ఇదే కట్టను 'సున్నా నుంచి 150 మీటర్లు', '150 నుంచి 300 మీటర్లు' అని రెండు ఎస్టిమేట్లుగా రాస్తే ఒక్కోటి 3,97,800కు దిగుతుంది. ఆడిట్‌లో అభ్యంతరం పడేది ఇక్కడే. ఒక ప్రాజెక్టుగా ఉన్న పనులన్నిటినీ ఒకే పనిగా చూడాలని, పై అధికారి మంజూరును తప్పించుకోవడానికి విడగొట్టకూడదని కేంద్ర నియమాల్లో సూటిగానే ఉంది. ఒకే కట్ట, ఒకే సీజను, ఒకే నిధి, ఒకే రకం పని అయితే అది ఒకే పని. తూముకు షట్టరు బిగించడం, కట్టకు మట్టి పోయడం వంటి వేర్వేరు నైపుణ్యాల పనులను విడిగా పెట్టొచ్చు. అప్పుడైనా కారణం రాతపూర్వకంగా ఉండాలి.

గండి పడినప్పుడు సంగతి వేరు. వానలో కట్ట తెగితే టెండరు కోసం ఆగలేం. ఇసుక బస్తాలు వేయడం, గండి చుట్టూ తాత్కాలికంగా చుట్టుకట్ట పోయడం వెంటనే చేయించి, కారణం, సమయం, ఫొటోలతో అదే రోజు నోట్ రాయాలి. నీళ్లు తగ్గాక చేసే శాశ్వత మరమ్మతును ఆ అత్యవసరం ఖాతాలో వేయకూడదు, దానికి మామూలు దారే.

హద్దు లోపలే ఉంటే

నామినేషన్ కుదిరినా కనీసం మూడు కొటేషన్లు తీసుకోండి. మూడూ ఒకే చేతిరాతలో, ఒకే చిరునామాతో, ఒకే తప్పులతో ఉంటే అవి ఒకరే పెట్టినవి. వర్క్ ఆర్డర్ చేతికి రాకముందు జేసీబీ కట్టెక్కకూడదు.

హద్దు దాటితే

రోజుల లెక్క వెనక నుంచి వేసుకోండి. జూన్‌లో వానలు పడేలోగా మట్టి తొక్కడం పూర్తవ్వాలి. 300 మీటర్ల కట్టకు నెలకు పైగా పట్టొచ్చు. బిడ్లు వేయడానికి మూడు వారాలు, పరిశీలనకు, అగ్రిమెంటుకు మరికొన్ని రోజులు. మార్చి మొదట్లో ప్రకటన పడకపోతే తొందర మొదలవుతుంది. 'సమయం లేదు, నామినేషన్ ఇద్దాం' అనే మాట ఏప్రిల్లో ఎక్కువగా వినబడేది అందుకే.

ఉమ్మడి రాష్ట్రంలో 2003 జూలై 1న వచ్చిన నీటిపారుదల శాఖ జీవో 94 పద్ధతిలో బిడ్‌తో ఒక శాతం ధరావతు, అగ్రిమెంటు నాడు ఇంకో ఒకటిన్నర శాతం కట్టాలి. మన లెక్కకు 7,956, తర్వాత 11,934 రూపాయలు. ఎస్టిమేటు మీద 5 శాతానికి మించి ఎక్సెస్ (ఎక్కువ ధర) వేస్తే ఆ టెండరు చెల్లదు. 25 శాతం కంటే ఎక్కువ లెస్ (తక్కువ ధర) వేస్తే, కోట్ చేసిన మొత్తానికీ ఎస్టిమేటులో 75 శాతానికీ మధ్య తేడాను డీడీగానో బ్యాంకు గ్యారంటీగానో అదనంగా కట్టించాలి. 32 శాతం లెస్ వేసినవాడి మొత్తం 5,41,008, 75 శాతం అంటే 5,96,700, తేడా 55,692. ఈ గ్యారంటీ అందకుండా అగ్రిమెంటు రాయకూడదు.

ఇంత లెస్‌కు పని తీసుకున్నవాడు ఎక్కడ మిగుల్చుకుంటాడు? తొక్కించడంలో. మట్టిని 22 సెంటీమీటర్లకు మించని పొరలుగా పరిచి, తడిపి, రోలర్ తిప్పాల్సిన చోట టిప్పర్లతో కుప్పలు పోసి పైపైన సాపు చేస్తారు. చూడటానికి ఎత్తు సరిగ్గానే ఉంటుంది. మొదటి పెద్ద వానకు పగుళ్లు, జారుళ్లు మొదలవుతాయి. పాత కట్ట మీది సర్కారు తుమ్మను వేళ్లతో పెకలించకుండా దానిపైనే మట్టి పోసినా అంతే, వేరు కుళ్లిన దారిలో నీరు ఊరుతుంది. పాత వాలును మెట్లుగా కోసి కొత్త మట్టిని కలపకపోతే రెండు పొరలూ విడిపోతాయి. మట్టిని కట్ట అడుగు నుంచే తవ్వి తీస్తే కట్టకు బలమే పోతుంది. టెండరు షరతుల్లో ఈ నాలుగూ మాటల్లో రాయించండి.

పని మొదలయ్యే ముందు పాత లెవెళ్లు, అంటే కట్ట అప్పటి ఎత్తు కొలతలు, తీయించడం అన్నిటికన్నా ముఖ్యం. ఎత్తులు పోల్చుకోవడానికి తూము రాతి మీద ఒక కదలని గుర్తు (బెంచ్‌మార్క్) పెట్టి, కట్ట పొడవునా ప్రతి 15 మీటర్లకు అడ్డుకోత తీసి, ఇంజనీరు, కాంట్రాక్టరు ఇద్దరూ సంతకం చేయాలి. ఆ కాగితం లేకపోతే తాతల కాలం నుంచి అక్కడున్న 12.24 చదరపు మీటర్ల అడ్డుకోత మట్టి కూడా కొత్తదిగా ఎం-బుక్‌లోకి (పని కొలతలు రాసే పుస్తకం) ఎక్కుతుంది. పని ముగిశాక దాన్ని పట్టుకునే దారి ఉండదు.

ఒకే బిడ్ వచ్చినా, వచ్చినవన్నీ ఎస్టిమేటు మీద నాలుగున్నర, అయిదు శాతం ఎక్సెస్ దగ్గరే గుంపుగా ఉన్నా కాంట్రాక్టర్లు రింగయ్యారేమో, అంటే కుమ్మక్కయ్యారేమో అనుమానించాలి. ధరలు ప్రస్తుత మార్కెట్‌తో పోల్చి, అవసరమైతే మళ్లీ పిలవాలి.

కాగితాలు చూడాలనుకునే రైతు ఎస్టిమేటు, పాత లెవెళ్లు, బిడ్ల ధరల పోలిక పట్టిక, అగ్రిమెంటు, ఎం-బుక్ కాపీలు అడగొచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయి ఆఫీసులో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. కాబట్టి చివరి బిల్లు చెల్లించాక కాకుండా, కట్ట మీద మట్టి పడుతున్నప్పుడే అడగండి.