గాలియర్డ్ ఆడుతుంటే అడుగు తప్పుతోందా? ఐదో లెక్క చూసుకోండి

16వ శతాబ్దంలో ఇటలీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్ రాజదర్బారుల్లో ఊపు మీదున్న గెంతుల నాట్యం గాలియర్డ్. ఎలిజబెత్ రాణి యాభై దాటాక కూడా పొద్దున్నే ఆరేడు గాలియర్డ్‌లు ఆడేదని 1589 నాటి ఒక ఉత్తరంలో ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల తిప్పలన్నీ దాదాపు ఒక్కచోటే మొదలవుతాయి.

అడుగులు అయిపోయాయి, పాట ఇంకా మిగిలింది

గాలియర్డ్ అడుగుల వరసకి ఫ్రెంచిలో 'సాంక్ పా' అని పేరు, అంటే ఐదడుగులు. ఆ పేరు నమ్మి ఐదు లెక్కపెట్టారో, అంతే సంగతులు. పాటకి ఆరు లెక్కలు. మొదటి నాలుగింటికి ఎడమ, కుడి, ఎడమ, కుడి అని ఒక్కో కాలు ముందుకి విసురుతూ రెండో కాలి మీద గెంతాలి. ఐదుకి మీరు గాల్లో ఉంటారు, నేల మీద పని లేదు. ఆరుకి ఎడమ కాలు ముందుంచి దిగాలి.

గెంతడం పక్కనపెట్టి ముందు నోటితో అనండి: ఎడమ, కుడి, ఎడమ, కుడి, పైకి, దిగు. 'పైకి' అనకుండా మింగేస్తున్నారంటే తప్పు అక్కడే దొరికింది.

రెండోసారి కాళ్లు తడబడుతున్నాయి

ఎడమ కాలు ముందుంచి దిగారు కదా, ఈసారి కుడితో మొదలుపెట్టండి. అంతా తిరగేస్తే సరి.

దిగితే దబ్బుమంటోంది

రెండు కాళ్లూ ఒకేసారి పడుతున్నాయి. 1589లో అచ్చయిన నాట్య గ్రంథంలో త్వానో ఆర్బో, అలా దిగితే ధాన్యం బస్తా దించినట్టుంటుందని వెక్కిరించాడు. ఆయన చర్చి మతగురువు, అయినా ఇలాంటివి బాగా కనిపెట్టేవాడు. వెనక కాలు ముందు ఆననివ్వండి, మరుక్షణం ముందు కాలు. మోకాళ్లు కాస్త వంచితే కింద పోర్షన్ వాళ్లూ ఊరుకుంటారు.

పైకి లేచేలోపే ఆరు వచ్చేస్తోంది

పాట స్పీడెక్కువ. పొడుగు మనిషికి గాలియర్డ్ ఇంకా నెమ్మదిగా వాయించాలని ఆర్బోనే చెప్పాడు. ఇవే అడుగులు గెంతు తగ్గించి, నేలకి దగ్గరగా, వేగంగా వేస్తే అది టూర్డియాన్. రికార్డింగ్ వేగం తగ్గించలేకపోతే ఆ పూటకి టూర్డియాన్ ఆడుకోండి.

డౌలండ్ పాటలో దరువు జారిపోతోంది

జాన్ డౌలండ్ వీణ లాంటి ల్యూట్ మీద కూర్చిన గాలియర్డ్‌లలో ఈ చిక్కు ఎక్కువ. 'తకిట తకిట' అని నడుస్తున్న పాట ఉన్నట్టుండి 'తక తక తక' అవుతుంది. లెక్కలు అవే ఆరు, ఊనిక మాత్రం ఒకటి, మూడు, ఐదు మీదకి మారుతుంది. ఐదు మీద దెబ్బ వినపడగానే ఒళ్లు దిగమంటుంది. ఆ దెబ్బకే ఎగరండి.