బెలరూసియన్ నేర్చుకుందాం – 4వ పాఠం: నామవాచకాల లింగం

కిందటి పాఠంలో ఊనిక గురించి, అంటే పదంలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం గురించి చెప్పుకున్నాం. ఇవాళ దానితోనే పని.

తెలుగులో లింగం అర్థాన్ని బట్టి తేలిపోతుంది. మగవాడైతే 'వచ్చాడు', ఆమెకైనా బస్సుకైనా 'వచ్చింది'. బెలరూసియన్‌లో బల్లకూ నదికూ కూడా లింగం తప్పదు. పుం, స్త్రీ, నపుంసకం అని మూడు. ఎందుకని అడగకుండా పదం చివర చూడండి.

హల్లుతో ముగిస్తే సాధారణంగా పుంలింగం: స్తోల్ (బల్ల), హోరద్ (నగరం). చివర ఆ ఉంటే స్త్రీలింగం: రకా (నది), క్నీహా (పుస్తకం). ఓ ఉంటే నపుంసకం: అక్నో (కిటికీ).

చిక్కంతా వోజెరా (సరస్సు) దగ్గర మొదలవుతుంది. చివర ఆ ఉన్నా అది నపుంసకమే. ఈ భాషలో ఊనిక పడని ఓ కాస్తా ఆ అయిపోతుంది. రష్యన్‌లో రాత పాత ఓ దగ్గరే ఆగిపోయింది. వీళ్లు మాత్రం పలికినట్టే రాస్తారు. అక్నోలో ఊనిక చివర పడింది కనుక ఓ నిలిచింది. వోజెరాలో మొదటి అక్షరం మీద పడింది, ఓ పోయింది. మోరా (సముద్రం), నెబా (ఆకాశం), హ్రోద్నా నగరం ఇదే కోవలోవి. చివరి ఆ మీద ఊనిక ఉంటే దాదాపు నిశ్చింతగా స్త్రీలింగమనుకోవచ్చు. లేకపోతే అనుమానించండి.

అందుకే పదాన్ని ఒంటరిగా వల్లె వేయవద్దు. మన 'నా' దేనికైనా మారదు, వాళ్లది మారుతుంది. దాన్ని ముందు చేర్చి నేర్చుకోండి: మోయ్ హోరద్, మయా రకా, మయో వోజెరా.

మెత్తని హల్లుతో (కాస్త 'య' ఛాయతో పలికే హల్లుతో) ముగిసే మాటలకు ఇది మరీ అవసరం. సోల్ (ఉప్పు) మయా, బోల్ (నొప్పి) మోయ్. చివరి ధ్వని ఒకటే, లింగం వేరు. మనుషుల దగ్గర మాత్రం అర్థానిదే పైచేయి: మోయ్ తాతా. తాతా అంటే నాన్న, మన తాత కాదు!

రష్యన్ వచ్చినవారికి ఓ హెచ్చరిక. సబాకా (కుక్క) అక్కడ స్త్రీలింగం, ఇక్కడ పుంలింగం. అక్కడ నపుంసకమైన ఆపిల్ ఇక్కడ యాబ్లిక్, పుంలింగం. రెండూ ఒకటేలే అనుకునేవారు ఇక్కడే దొరికిపోతారు.

అభ్యాసం: మోయ్, మయా, మయోలలో తగినది చేర్చండి – మోరా, నోచ్ (రాత్రి), సబాకా, అక్నో, ద్న్యప్రో (నది).

జవాబులు: మయో, మయా, మోయ్, మయో, మోయ్. చివరిది ఓతో ముగిసినా పుంలింగమే.

వచ్చే పాఠం: లింగాన్ని బట్టి మారే భూతకాల క్రియలు.