యాంటీవైరస్‌కు, పాస్‌వర్డ్ మేనేజర్‌కు లొల్లి పడితే ఏం చూడాలి

పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టి సైట్లలో తానే నింపే ప్రోగ్రాం పాస్‌వర్డ్ మేనేజర్. లాగిన్ పేజీ తెరవగానే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వాటంతటవే పడేవి, ఇప్పుడు పడట్లేదు. లేదా బ్రౌజర్‌కు తగిలించిన దాని ఎక్స్‌టెన్షన్ ఐకాన్ నొక్కితే తెల్లటి ఖాళీ డబ్బా తెరుచుకుని అలాగే ఉండిపోతోంది. లేదంటే మేనేజర్‌ను తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టాక చక్రం తిరిగి తిరిగి చివరికి "ఫెయిల్డ్ టు ఫెచ్" అంటోంది. ఈమధ్యే కొత్త యాంటీవైరస్ వేసి ఉంటే, లేదా ఉన్నదే పెద్ద అప్‌డేట్ తీసుకుని ఉంటే అనుమానం దాని మీదికి పోవడం సహజం. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ నెట్ సెంటర్లో అడిగినా వచ్చే మొదటి సలహా "యాంటీవైరస్ తీసేయ్ అన్నా, మంచిగ అయితది". అవుతుంది, నిజమే. కానీ ఆ తర్వాత దాన్ని మళ్లీ ఆన్ చేయాలని ఎవరికీ గుర్తుండదు, దోస్త్ డిగ్రీ అడ్మిషన్ల సీజన్లో పొద్దంతా ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు పెట్టే సిస్టమ్ ఏ కాపలా లేకుండా నెలల తరబడి నడుస్తుంటుంది. అందుకే మొత్తం ఆపేయకుండా, లొల్లి సరిగ్గా ఏ చోట జరుగుతోందో పట్టుకుని అక్కడొక్కచోటే సడలింపు ఇచ్చే పద్ధతి చెబుతున్నా.

రెండిటికీ ఎందుకు పడదంటే, పాస్‌వర్డ్ మేనేజర్ చేసే పనులన్నీ పైకి దొంగ ప్రోగ్రాం పనుల్లాగే కనిపిస్తాయి. ప్రతి పేజీనీ చదువుతుంది, పాస్‌వర్డ్ డబ్బా ఎక్కడుందో వెతుకుతుంది, క్లిప్‌బోర్డులోకి కాపీ చేసి కాసేపయ్యాక చెరిపేస్తుంది, బ్రౌజర్ బయట ఉన్న ఇంకో ప్రోగ్రాంతో మాట్లాడుతుంది. అటు యాంటీవైరస్ కూడా తక్కువదేం కాదు, కొన్నైతే మనం చూసే ప్రతి పేజీలోనూ తమ స్క్రిప్టు ఒకటి పెడతాయి. కాస్పర్‌స్కీ పెట్టే స్క్రిప్టులో ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో గుర్తింపు నంబరు ఉండేదని, దాని ఆధారంగా ఏ వెబ్‌సైటైనా మనిషిని వెంటాడొచ్చని 2019లో ఒక జర్మన్ కంప్యూటర్ పత్రిక పసిగట్టి చెప్పాక కంపెనీ దాన్ని సరిచేసింది. అంటే ఒకే పేజీలో ఇద్దరు చేతులు పెడుతున్నారు, ఎప్పుడో ఒకప్పుడు చెయ్యీ చెయ్యీ తగులుతుంది.

ఏదీ ముట్టుకోకముందు ఒక పని చేయండి. ఎక్స్‌టెన్షన్ తీసి మళ్లీ వేస్తే అది ఆ బ్రౌజర్లో దాచుకున్నదంతా పోతుంది. బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్ లాంటి మేనేజర్లలో అసలు సరుకు సర్వర్లో ఉంటుంది కాబట్టి మళ్లీ లాగిన్ అయితే వచ్చేస్తుంది, కానీ ఆ లాగిన్‌కు మాస్టర్ పాస్‌వర్డ్ గుర్తుండాలి కదా. వేలిముద్రతోనో పిన్‌తోనో తెరవడం అలవాటై అసలు పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. ముందు ఫోన్‌లోనో వేరే సిస్టమ్‌లోనో మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి పోగలుగుతున్నారా చూసుకోండి. పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో మెట్టు కోడ్ ఆ మేనేజర్లోనే దాచి ఉంటే ఇంకా జాగ్రత్త, తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టు అవుతుంది. కీపాస్ఎక్స్‌సీ అనే మేనేజర్ వాడేవాళ్లు కేడీబీఎక్స్ ఫైల్‌ను (పాస్‌వర్డ్‌లన్నీ ఉండే డేటాబేస్) ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోవాలి, ఎందుకంటే అందులో సర్వర్ అంటూ ఏదీ లేదు, ఆ ఫైలే సర్వం. ఎక్స్‌పోర్ట్ చేసుకుంటామంటే పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన రకం ఎంచుకోండి. సీఎస్‌వీ ఫైల్ అంటే మీ పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా నోట్‌ప్యాడ్‌లో చదువుకునేలా రాసిపెట్టినట్టే, దాన్ని డౌన్‌లోడ్స్‌లో వదిలేసి పోవద్దు.

ఇంతకీ తప్పు యాంటీవైరస్‌దేనా? చాలాసార్లు కాదు. బిట్‌వార్డెన్‌లో పేజీ తెరవగానే దానంతటదే నింపే సౌకర్యం మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కితే నింపుతోందంటే ఎక్స్‌టెన్షన్ బాగానే ఉన్నట్టు. ఒక్క బ్యాంకు సైట్లోనే పడట్లేదంటే ఆ సైటే పేస్ట్ చేయనివ్వకుండా, వర్చువల్ కీబోర్డు మీద కొట్టమంటూ అడ్డం పెట్టి ఉండొచ్చు. ఇన్‌కాగ్నిటోలో పడట్లేదంటే అక్కడ ఎక్స్‌టెన్షన్‌కు అనుమతి ఇవ్వలేదన్నమాట. పాతకాలపు ఎక్స్‌టెన్షన్ అయితే క్రోమే ఆపేసి ఉంటుంది. పాత పద్ధతిలో, అంటే మానిఫెస్ట్ వీ2లో రాసిన ఎక్స్‌టెన్షన్లను ఆపడం 2024లో మొదలుపెట్టి 2025లో పూర్తిగా బంద్ చేశారు.

ఇంకొకటి. 2025 ఆగస్టులో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో మారెక్ టోత్ అనే పరిశోధకుడు, కనిపించకుండా దాచిన బటన్ల మీద మనతో క్లిక్ చేయించి పాస్‌వర్డ్ మేనేజర్లతో వివరాలు నింపించుకోవచ్చని చూపించాడు. అప్పుడు చాలామంది ఎక్స్‌టెన్షన్ "సైట్ యాక్సెస్"ను "ఆన్ క్లిక్"కు మార్చుకున్నారు. మీరో, మీ సిస్టమ్ చూసే తమ్ముడో అలా మార్చి మర్చిపోయి ఉంటే, ఐకాన్ నొక్కేదాకా అది పేజీని చూడదు. అది లోపం కాదు, మంచి అలవాటే.

పాత డెస్క్‌టాప్ అయితే గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎక్కడో వెనక్కి పోతుంది. అప్పుడు సైటు అసలుదేనని చూపించే సర్టిఫికెట్ ఏదీ చెల్లదు, ఎక్స్‌టెన్షన్ సర్వర్‌ను చేరలేదు. తేదీ సరిగ్గానే ఉండి టైమ్ ఒక రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా సరే, 30 సెకండ్లకోసారి మారే ఓటీపీ కోడ్‌లు తప్పని వస్తాయి. బ్యాటరీ ఖర్చు వందలోపే, యాంటీవైరస్‌ను తిట్టే ముందు అది మార్చడం నయం.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం పోకపోతే పరీక్ష పెట్టాలి. యాంటీవైరస్‌లో "పాజ్" నొక్కేటప్పుడు 10 నిమిషాలో, సిస్టమ్ రీస్టార్ట్ అయ్యేదాకానో అని గడువు ఉన్నదే ఎంచుకోండి, "నేను ఆన్ చేసేదాకా" అన్నది వద్దు. ఆ సేపట్లో పాస్‌వర్డ్ మేనేజర్ సైటు తప్ప ఇంకేదీ తెరవొద్దు. అయితే ఇక్కడో తిరకాసుంది. చాలా ప్యాకేజీల్లో ఫైల్ కాపలా, వెబ్ కాపలా, ఫైర్‌వాల్ వేర్వేరు స్విచ్‌లు. ఫైల్ స్కానింగ్ ఆపి "ఆపినా పని చేయట్లేదు, కాబట్టి యాంటీవైరస్‌ది కాదు" అనుకుంటే తప్పు దారి పట్టినట్టే. ఒక్కొక్కటీ విడిగా ఆపి చూడండి, ముందుగా వెబ్‌కు సంబంధించినది.

ఎందుకంటే ఎక్కువ గొడవలు హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ దగ్గరే. మన బ్రౌజర్‌కూ సైటుకూ మధ్య మాట గుప్తంగా ఉంటుంది, యాంటీవైరస్‌కు కూడా అర్థం కాదు. అందుకని అది మధ్యలో కూర్చుని సైటు దగ్గర బ్రౌజర్‌లాగా, బ్రౌజర్ దగ్గర సైటులాగా నటిస్తుంది. ఆ నటన నమ్మించడానికి తన సొంత రూట్ సర్టిఫికెట్, అంటే మిగతా సర్టిఫికెట్లకు పూచీ పడేది, విండోస్‌లో వేసుకుంటుంది. పాస్‌వర్డ్ మేనేజర్ సర్వర్‌తో మాట్లాడేటప్పుడు ఈ మధ్యవర్తి ఎక్కడైనా తడబడితే సింక్ ఆగిపోతుంది, "ఫెయిల్డ్ టు ఫెచ్" వస్తుంది. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ ఈ పని చేయదు, బయటి నుంచి వేసుకున్నవాటిలోనే చూడాలి.

ఇది జరుగుతోందో లేదో కళ్లతో చూడొచ్చు. పాస్‌వర్డ్ మేనేజర్ వెబ్‌సైట్ తెరిచి, అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కండి. ఒకప్పుడు అక్కడ తాళం బొమ్మ ఉండేది, క్రోమ్ 2023లో దాన్ని తీసేసి రెండు గీతలు, రెండు చుక్కల బొమ్మ పెట్టింది. "కనెక్షన్ ఈజ్ సెక్యూర్", అందులో సర్టిఫికెట్ తెరిస్తే "ఇష్యూడ్ బై" అని ఉంటుంది. అక్కడ మీ యాంటీవైరస్ కంపెనీ పేరు కనిపించిందంటే మధ్యవర్తి దొరికినట్టే.

స్విచ్ పేరు ఒక్కో కంపెనీలో ఒక్కో రకం. అవాస్ట్‌లో వెబ్ షీల్డ్ కింద "ఎనేబుల్ హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్", బిట్‌డిఫెండర్‌లో ఆన్‌లైన్ థ్రెట్ ప్రివెన్షన్ కింద "ఎన్‌క్రిప్టెడ్ వెబ్ స్కాన్", కాస్పర్‌స్కీలో నెట్‌వర్క్ సెట్టింగ్స్ కింద "ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్స్ స్కానింగ్", ఈసెట్‌లో అడ్వాన్స్‌డ్ సెటప్‌లో "ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్". వెర్షన్ మారితే మెనూ అటూ ఇటూ జరగొచ్చు. దొరికాక దాన్ని మొత్తం ఆఫ్ చేయకండి, అక్కడే ఉండే "ఎక్స్‌క్లూజన్స్" లేదా "ట్రస్టెడ్ అడ్రసెస్" జాబితాలో పాస్‌వర్డ్ మేనేజర్ డొమైన్ ఒక్కటి చేర్చండి. బిట్‌వార్డెన్ అయితే బిట్‌వార్డెన్ డాట్ కామ్, దాని సబ్‌డొమైన్‌లతో సహా. యూరప్ సర్వర్ ఎంచుకున్న ఖాతాకు డాట్ ఈయూ. బ్రౌజర్ మూసి తెరిచి, అదే సర్టిఫికెట్ మళ్లీ చూస్తే ఈసారి యాంటీవైరస్ కంపెనీ పేరు ఉండకూడదు.

మధ్యవర్తి మన వాల్ట్‌ను, అంటే పాస్‌వర్డ్‌లు దాచిన పెట్టెను, చదివేస్తాడేమోనని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట: వాల్ట్ మీ సిస్టమ్‌లోనే ఎన్‌క్రిప్ట్ అయ్యాకే బయటికి పోతుంది, మధ్యలో ఎవరు చూసినా గజిబిజి అక్షరాలే. కానీ మామూలు సైట్లలో లాగిన్ అయినప్పుడు మీరు పంపే పాస్‌వర్డ్ మాత్రం ఆ స్కానర్ కళ్ల ముందు నుంచే పోతుంది. అందుకే నాకైతే ఈ స్కానింగ్ పెట్టుకోవడమే అంత ఇష్టం ఉండదు, ఇష్టం ఉన్నవాళ్లతో వాదించను.

ఫైర్‌ఫాక్స్ కథ వేరు, దానికి సొంత సర్టిఫికెట్ల గూడు ఉంది. క్రోమ్‌లో బాగుండి ఫైర్‌ఫాక్స్‌లో అన్ని సైట్లూ భయపెడుతూ, ఎర్రర్ కోడ్‌లో ఎంఐటీఎం (మధ్యలో ఎవరో ఉన్నారని అర్థం) అనే అక్షరాలు కనిపిస్తే కారణం ఇదే. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో మీరు ఇన్‌స్టాల్ చేసిన థర్డ్ పార్టీ రూట్ సర్టిఫికెట్లను నమ్మే టిక్కు ఉందా చూడండి.

రెండో పెద్ద కారణం చాలా మామూలుది: ఒకే డబ్బా కోసం ఇద్దరు ముగ్గురు మేనేజర్లు కొట్టుకోవడం. నార్టన్, కాస్పర్‌స్కీ లాంటి ప్యాకేజీలు తమ సొంత పాస్‌వర్డ్ మేనేజర్‌ను కూడా ఇస్తాయి, క్రోమ్‌కు దానిదొకటి ఉండనే ఉంది, పైన మీరు వేసుకున్నది. డబ్బాలో రెండు ఐకాన్లు ఒకదాని మీద ఒకటి కనిపిస్తుంటే ఇదే. ఒక్కటి ఉంచుకోండి. మిగతావాటిలో ఏమైనా సేవ్ అయ్యాయా చూసి అవి ఇటు తెచ్చుకున్నాకే వాటిని ఆపండి, క్రోమ్‌లో "ఆఫర్ టు సేవ్ పాస్‌వర్డ్స్" ఆఫ్ చేయండి.

కీపాస్ఎక్స్‌సీ వాడేవాళ్లకు, బిట్‌వార్డెన్‌ను వేలిముద్రతో తెరిచేవాళ్లకు ఇంకో చోట తెగుతుంది. ఎక్స్‌టెన్షన్ నేరుగా డెస్క్‌టాప్ యాప్‌తో మాట్లాడలేదు, మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాం మాట మోస్తుంది. కీపాస్ఎక్స్‌సీలో దాని పేరు కీపాస్ఎక్స్‌సీ ప్రాక్సీ. ఎవరూ ఎప్పుడూ చూడని చిన్న ఈఎక్స్‌ఈ, బ్రౌజర్ దాన్ని చాటుగా నడిపిస్తుంది, యాంటీవైరస్‌కు ఇంతకంటే అనుమానం ఏం కావాలి? యాంటీవైరస్ పట్టి పక్కన పెట్టిన ఫైళ్ల జాబితా (క్వారంటైన్) చూసి, అందులో ఉంటే వెనక్కి తెచ్చి, ఆ ఒక్క ఫైల్‌కే మినహాయింపు ఇవ్వండి, ఫోల్డర్ మొత్తానికి కాదు. అయితే ఆ ప్రోగ్రాం అసలు వెబ్‌సైట్ నుంచి దించిందేనా, ఎవరో వాట్సాప్‌లో పంపిన సెటప్పా అన్నది ముందు తేల్చుకోండి. అసలుది కాదంటే యాంటీవైరస్ చెప్పిందే కరెక్ట్. యాప్ సెట్టింగ్స్‌లో "బ్రౌజర్ ఇంటిగ్రేషన్" దగ్గర మీ బ్రౌజర్‌కు టిక్కు పోయిందేమో కూడా చూడండి.

డేటాబేస్ సేవ్ కావట్లేదు, ఫైల్ డాక్యుమెంట్స్‌లో ఉంది అంటే అది విండోస్ "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" పని కావచ్చు. రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద ఉంటుంది, అక్కడ కీపాస్ఎక్స్‌సీని అనుమతించిన యాప్‌ల్లో చేర్చితే చాలు.

బ్యాంకు సైట్ తెరవగానే రంగు చట్రంతో వేరే విండో వస్తుందా? క్విక్ హీల్ సేఫ్ బ్యాంకింగ్, బిట్‌డిఫెండర్ సేఫ్‌పే లాంటివి అవి. బయటి ఎక్స్‌టెన్షన్లను దూరం పెట్టడం కోసమే అలాంటి విండోలు పుట్టాయి కాబట్టి అక్కడ మీ మేనేజర్ కనిపించకపోతే ఆశ్చర్యం లేదు. ఆ బ్యాంకుకు మామూలు బ్రౌజరే వాడాలా, ఆ విండోలో చేత్తో కొట్టుకోవాలా అన్నది మీ ఇష్టం.

కాలేజీ ల్యాబ్‌లోనో, మడికొండ ఐటీ పార్కులో మీ ఆఫీసులోనో అయితే క్రోమ్ మెనూ చివర "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని ఉందేమో చూడండి. అక్కడ ఎక్స్‌టెన్షన్‌ను ఆపింది అడ్మిన్ అయ్యుంటాడు, ఆయన్నే అడగాలి. అడ్డదారులు వెతకొద్దు. ఇంట్లో సొంత సిస్టమ్‌లో ఆ మాట కనిపించిందంటే మాత్రం ఏదో ప్రోగ్రాం పాలసీ పెట్టింది. అది యాంటీవైరస్ కావచ్చు, చెత్త సాఫ్ట్‌వేర్ కూడా కావచ్చు.

ఏం చేసినా కుదరక యాంటీవైరస్ మార్చేద్దామనుకుంటే, కంట్రోల్ ప్యానెల్లో తీసేయడంతో అయిపోదు. నార్టన్, మెకాఫీ, అవాస్ట్, కాస్పర్‌స్కీ, ఈసెట్‌లకు సొంత రిమూవల్ టూల్స్ ఉన్నాయి, వాళ్ల సైట్ నుంచే దించుకుని నడిపించి రీస్టార్ట్ చేయండి. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చి గడువు తీరిన ట్రయల్ కూడా ఇలాగే పోవాలి, రెండు యాంటీవైరస్‌లు ఒకే ఇంట్లో ఉండలేవు. తీశాక విండోస్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ ఏమైనా మిగిలిందా చూడండి, ఆ తర్వాత విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆన్ అయిందని నిర్ధారించుకోండి.

సపోర్ట్‌కు రాసేటప్పుడు బ్రౌజర్ వెర్షన్, ఎక్స్‌టెన్షన్ వెర్షన్, యాంటీవైరస్ వెర్షన్, ఏ స్విచ్ ఆపితే పనిచేసిందో అంతా ఒకేసారి చెప్పండి, ఒక వారం కలిసొస్తుంది. యాప్‌లోని "హెల్ప్" నుంచే రాయండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ అని వెతికితే దొరికే నంబర్లలో దొంగలవి కూడా ఉంటాయి. మన సిస్టమ్‌ను దూరం నుంచి నడపనిచ్చే ఎనీడెస్క్ వేసుకోమని, మాస్టర్ పాస్‌వర్డ్ చెప్పమని ఎవరు అడిగినా ఫోన్ పెట్టేయండి, అసలు కంపెనీకి దాంతో పనే లేదు. అప్పటికే చెప్పేసి ఉంటే వేరే సిస్టమ్ నుంచి మాస్టర్ పాస్‌వర్డ్, ఆ వెంటనే మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.