చైనాలో పుట్టిన జీవిత భాగస్వామికి, వారి కుటుంబానికి అమెరికా వీసా: కాగితాలు సిద్ధం చేసుకునే విధానం

అమెరికాలో స్థిరపడిన వ్యక్తి చైనాకు చెందినవారిని పెళ్లి చేసుకున్నాక అందరి దృష్టీ ముందు అమెరికా ఫారాల మీదికే పోతుంది. ఆ ఫారాలు పొడవైనవే గాని కష్టమైనవి కావు. కేసులు చిక్కుపడేది ఎక్కువగా చైనా వైపు కాగితాల దగ్గర: పుట్టిన తేదీ ఒక పత్రంలో ఒకలా, మరో పత్రంలో మరోలా ఉండటం, పాత పేరు ఎక్కడో మిగిలిపోవడం, మొదటి పెళ్లి తాలూకు విడాకుల పత్రం దొరకకపోవడం, కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వాన్ని గురించిన ప్రశ్నకు తొందరపడి జవాబు రాయడం. దాఖలు చేసే ప్రతి కాగితంలోనూ ఆ మనిషి వివరాలు ఒకేలా ఉండాలి. అందుకోసం ఏ పని ఎప్పుడు చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా మీ హోదాను బట్టి దారి

మీరు అమెరికా పౌరులైతే మీ జీవిత భాగస్వామి ‘ఇమ్మీడియట్ రిలేటివ్’ వర్గంలోకి వస్తారు. ఈ వర్గానికి ఏటా ఇన్నే వీసాలన్న పరిమితి లేదు గనుక ఐ-130 పిటిషన్ (బంధుత్వాన్ని చూపుతూ మీరు వేసే అర్జీ) ఆమోదం పొందాక కేసు వరుసలో నిలబడనక్కర లేకుండా ముందుకు కదులుతుంది. మీకు గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే అదే పిటిషన్ ఎఫ్2ఏ వర్గంలోకి వెళ్తుంది. దానికి వార్షిక పరిమితి ఉంది కాబట్టి విదేశాంగ శాఖ ప్రతి నెలా ప్రచురించే వీసా బులెటిన్‌లో మీ ప్రయారిటీ డేట్ (పిటిషన్ దాఖలైన తేదీ) కరెంట్ అయ్యేదాకా, అంటే మీ వంతు వచ్చేదాకా, ఆగాలి. హెచ్-1బీ మీద ఉన్నవారు భాగస్వామిని హెచ్-4 మీద తీసుకురావచ్చు. అయితే వీసా స్టాంపింగ్ ఎంతకాలం చెల్లుతుందన్నది పాస్‌పోర్టు ఏ దేశానిదన్నదాన్ని బట్టి మారుతుంది గనుక, మీ స్టాంపింగ్‌కు ఉన్న గడువే వారిదానికీ ఉంటుందని అనుకోవద్దు. ఇంకా పెళ్లి కానివారికి కె-1 (కాబోయే జీవిత భాగస్వామి వీసా) ఉంది. అది పౌరులకు మాత్రమే దక్కుతుంది, ఇద్దరూ గడచిన రెండేళ్లలో ఒక్కసారైనా ముఖాముఖి కలిసి ఉండాలి, అమెరికా చేరిన 90 రోజుల్లో పెళ్లి జరగాలి.

ఉపాధి ఆధారిత గ్రీన్ కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడిన భారతీయులకు ఒక నియమం గురించి తప్పక చెప్పాలి, ఎందుకంటే తెలియక దీన్ని వదులుకునేవారు ఉన్నారు. ఆ వరుసలో దేశాల వారీ కోటాను లెక్కగట్టేది పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. భార్యాభర్తలు కలిసి దరఖాస్తు చేసేటప్పుడు ఇద్దరిలో ఎవరి జన్మదేశపు కోటా అనుకూలంగా ఉంటే దానిని ఇద్దరూ వాడుకోవచ్చు. ఉపాధి ఆధారిత ఈబీ-2, ఈబీ-3 వర్గాల్లో చైనా తేదీలు సాధారణంగా భారతదేశపు తేదీలకంటే కొన్నేళ్లు ముందుంటాయి. కాబట్టి ఐ-485 (అమెరికాలో ఉంటూనే గ్రీన్ కార్డు కోసం వేసే దరఖాస్తు) పంపేటప్పుడు భాగస్వామి జన్మదేశపు కోటాను కోరుతున్నామని కవరింగ్ లెటర్‌లో స్పష్టంగా రాసి, వారి జనన ధ్రువపత్రాన్నీ వివాహ పత్రాన్నీ జతచేయండి. అడగనిదే అధికారి తనంతట తానుగా దీన్ని గమనిస్తాడన్న భరోసా లేదు.

చైనా కాగితాలు: ఇక్కడే ఓపిక కావాలి

చైనాలో వీసా పనికి చెల్లే పత్రాలను ఇచ్చేది నోటరీ కార్యాలయం. అది న్యాయశాఖ పరిధిలోని సంస్థ. అసలు పత్రాన్ని పరిశీలించి, దాని ప్రతినీ ఇంగ్లీషు అనువాదాన్నీ కలిపి తెల్లని అట్టతో చిన్న పుస్తకంగా కుట్టి ఇస్తుంది. జననం, వివాహం, విడాకులు, నేరచరిత్ర లేకపోవడం, వీటిలో మీకు వర్తించే ప్రతిదానికీ విడిగా ఒక పుస్తకం తీసుకోవాలి. సాధారణంగా కుటుంబ నమోదు, అంటే హుకౌ ఉన్న ఊరి నోటరీ దగ్గరికే వెళ్లాల్సి వస్తుంది. మీ భాగస్వామి ఇప్పటికే అమెరికాలో ఉంటే తల్లిదండ్రులకో తోబుట్టువుకో అధికార పత్రం రాసిచ్చి పని జరిపించవచ్చు. దాన్ని ఏ రూపంలో రాయాలో ఆ నోటరీనే ముందుగా అడిగి తెలుసుకోవడం మేలు, ఎందుకంటే ఒక్కో ఊరి కార్యాలయం ఒక్కో విధంగా కోరుతుంది.

ఆసుపత్రి ఇచ్చే జనన వైద్య ధ్రువపత్రం చైనాలో 1996 జనవరి 1 నుంచే అమలులోకి వచ్చింది. అంతకుముందు పుట్టినవారికి నోటరీ సాధారణంగా హుకౌ పుస్తకం, తల్లిదండ్రుల గుర్తింపు కార్డులు, అవసరమైతే పనిచేసిన సంస్థ ఇచ్చిన లేఖ చూసి జనన ధ్రువపత్రం తయారుచేస్తుంది. తల్లిదండ్రుల పుట్టిన తేదీలు కొన్ని పత్రాల్లో చాంద్రమానం ప్రకారం నమోదై ఉండటం పెద్ద వయసువారి విషయంలో తరచుగా కనిపిస్తుంది. నోటరీ పుస్తకం అచ్చు కాకముందే గుర్తింపు కార్డు, హుకౌ, పాస్‌పోర్టు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే హుకౌను స్థానిక పోలీసు స్టేషన్‌లో సరిదిద్దించాకే ముందుకు వెళ్లండి.

పేర్ల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. చైనాలో ఇంటిపేరు ముందు వస్తుంది, పెళ్లయ్యాక స్త్రీలు ఇంటిపేరు మార్చుకోరు, రెండక్షరాల పేరును పాస్‌పోర్టులో కలిపి రాస్తారు. దానిలోని రెండో అక్షరాన్ని మిడిల్ నేమ్‌గా విడదీసి రాస్తే ఆ తరువాత వచ్చే ప్రతి కాగితంలోనూ అదే తప్పు కొనసాగుతుంది. ‘ల్యూ’ అన్న ఇంటిపేరు పాత పాస్‌పోర్టుల్లో ఎల్‌వీ అనీ, కొత్తవాటిలో ఎల్‌వైయూ అనీ ఉంటుంది. అలాంటప్పుడు పాత రూపాన్ని ‘వాడిన ఇతర పేర్లు’ గడిలో తప్పక చూపాలి. హుకౌ పుస్తకంలో పూర్వపు పేరుకు ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. అందులో ఏదైనా రాసి ఉంటే అది కూడా ఫారంలోకి రావాల్సిందే.

పెళ్లి చైనాలో జరిగితే చట్టప్రకారం లెక్కకు వచ్చేది పౌర వ్యవహారాల కార్యాలయంలో నమోదైన తేదీ. విందు ఎప్పుడు జరిగిందన్నదానితో పని లేదు. అక్కడ పురుషుడికి 22 ఏళ్లు, స్త్రీకి 20 ఏళ్లు నిండి ఉండాలి. విదేశీయులు తాము అవివాహితులమని చూపే పత్రం సమర్పించాలి. 2023 నవంబరు 7న అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేలా ధ్రువీకరించే ముద్ర) ఒప్పందం చైనాలో అమలులోకి వచ్చాక, అమెరికాలో తీసుకున్న ఆ పత్రానికి చైనా కాన్సులేట్ ముద్ర బదులు అపోస్టిల్ సరిపోతుంది. ఇద్దరిలో ఎవరికైనా పూర్వ వివాహం ఉంటే అది ముగిసినట్టు చూపే పత్రం లేకుండా పిటిషన్ నిలవదు.

నేరచరిత్ర లేదన్న పత్రం పదహారేళ్లు నిండిన ప్రతి దరఖాస్తుదారుకూ కావాలి. చైనా బయట మరే దేశంలోనైనా ఏడాదికి పైగా నివసించి ఉంటే ఆ దేశపు పత్రం కూడా తేవాలి. చదువు కోసం మరో దేశంలో గడిపిన సంవత్సరాలను చాలామంది మరచిపోతారు.

పిటిషన్, నిజమైన దాంపత్యానికి ఆధారాలు

ఐ-130ను ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు. 2024 ఏప్రిల్ 1న మారిన పట్టిక ప్రకారం దానికి ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద అయితే 675 డాలర్లు. కట్టేముందు ప్రస్తుత రుసుమును అధికారిక సైట్‌లో సరిచూసుకోండి. మీరు పౌరులై ఉండి, భాగస్వామి చట్టబద్ధంగా అమెరికాలోకి వచ్చి ఇక్కడే ఉంటే, ఐ-130తో పాటే ఐ-485 కూడా వేయవచ్చు. ఆ తరువాత అడ్వాన్స్ పెరోల్ (దరఖాస్తు నడుస్తుండగా దేశం దాటి తిరిగి రావడానికిచ్చే అనుమతి) చేతికి రాకుండా దేశం దాటితే సాధారణంగా ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్కిస్తారు. తల్లిదండ్రులకు ఒంట్లో బాగోలేదన్న కబురు వచ్చినప్పుడు కూడా ఈ నియమం మారదు కాబట్టి పెరోల్ దరఖాస్తును మొదటి రోజే జతచేయండి.

ఆధారాల్లో వీచాట్ (చైనాలో వాడే సందేశాల యాప్) సంభాషణలదే పెద్ద భాగమవుతుంది. ఫోను మార్చినప్పుడు పాత సంభాషణలు పోతాయి, అందుచేత పరిచయమైన తొలి నెలల నుంచీ బ్యాకప్ ఉంచుకోవాలి. వందల పేజీలు ముద్రించి పంపడం వల్ల లాభం లేదు. నెలకు ఒకటి రెండు చొప్పున ఏరి, అనువాదం చేయించి, ఆ అనువాదకుడు తనకు రెండు భాషలూ వచ్చునని సంతకం చేసిన ప్రకటనతో పెట్టండి. ఇరువైపుల తల్లిదండ్రులతో కలిసి దిగిన ఫోటోలు, పాస్‌పోర్టు ముద్రలు, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఒకరి బీమాలో మరొకరి పేరు, ఇవి ఎక్కువ బలం చేకూరుస్తాయి. మీరిద్దరూ ఏ భాషలో మాట్లాడుకుంటారన్న ప్రశ్న ఇంటర్వ్యూలో వచ్చే అవకాశం ఉంది, దానికి ఇద్దరి జవాబూ సహజంగా ఒకటే కావాలి.

ఆర్థిక హామీ

పిటిషన్ ఆమోదం పొంది కేసు విదేశాంగ శాఖకు చెందిన నేషనల్ వీసా సెంటర్‌కు చేరాక డీఎస్-260 ఫారం (వలస వీసా దరఖాస్తు), 325 డాలర్ల వీసా రుసుము, 120 డాలర్ల హామీ పత్రం రుసుము ఉంటాయి. ఐ-864 హామీ పత్రంలో మీ ఆదాయం, ఇంట్లోని మనుషుల సంఖ్యను బట్టి ప్రకటించే పేదరిక ప్రమాణానికి 125 శాతమైనా ఉండాలి. తగ్గితే ఆస్తులు చూపవచ్చు. పౌరుడి భాగస్వామి విషయంలో తగ్గిన మొత్తానికి మూడు రెట్లు, చాలావరకు మిగిలిన కేసుల్లో ఐదు రెట్లు. చైనాలోని ఇంటిని ఆస్తిగా చూపాలనుకునేవారు ఒక సంగతి గుర్తించాలి: ఆ ఆస్తిని ఏడాదిలోగా నగదుగా మార్చి అమెరికాకు తేగలగాలి, కాగా చైనాలో ఒక వ్యక్తికి ఏడాదికి 50,000 డాలర్ల విదేశీ మారక పరిమితి ఉంది. అందువల్ల మీతో పాటు హామీ ఇచ్చే జాయింట్ స్పాన్సర్‌ను వెతుక్కోవడమే నా దృష్టిలో మంచి మార్గం. స్పాన్సర్‌గా సంతకం చేసేవారికి కూడా నిజం చెప్పండి: విడాకులైనా ఈ బాధ్యత తొలగదు, భాగస్వామికి పౌరసత్వం వచ్చేదాకానో పదేళ్ల ఉద్యోగ కాలానికి సమానమైన 40 క్వార్టర్లు పూర్తయ్యేదాకానో కొనసాగుతుంది.

పార్టీ సభ్యత్వం

చైనా కేసులన్నిటిలోనూ ఎక్కువ భయాన్ని, ఎక్కువ అబద్ధాలను పుట్టించే ప్రశ్న ఇది. కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం ఉన్నవారికి వలస వీసా నిరాకరించే నిబంధన అమెరికా చట్టంలో ఉంది. సందర్శక వీసాకు అది వర్తించదు. విశ్వవిద్యాలయంలోనో ప్రభుత్వ ఉద్యోగంలోనో పదోన్నతి కోసం చేరి, ఆపైన పట్టించుకోని వారు చైనాలో అసంఖ్యాకం. చట్టం వారికి దారులు కూడా చూపింది: బలవంతంగానో, ఉద్యోగం, జీవనావసరాల కోసమో చేరిన సభ్యత్వానికి మినహాయింపు ఉంది, దరఖాస్తుకు కనీసం ఐదేళ్ల ముందే సభ్యత్వం ముగిసినవారికి మరొకటి ఉంది, ఇవేవీ కుదరకపోతే పౌరుల భాగస్వాములకు, తల్లిదండ్రులకు, పిల్లలకు, తోబుట్టువులకు, గ్రీన్ కార్డుదారుల భాగస్వాములకు, పిల్లలకు కుటుంబ ఐక్యత ప్రాతిపదికన ఐ-601 ద్వారా మినహాయింపు అడగవచ్చు. సరైన కారణం లేకుండా వరుసగా ఆరు నెలలు రుసుము కట్టకపోయినా, కార్యక్రమాలకు హాజరు కాకపోయినా స్వయంగా వైదొలగినట్టు పార్టీ నియమావళే చెబుతుంది, కాబట్టి చివరిసారి రుసుము ఎప్పుడు కట్టారో చూపే ఆధారం విలువైనది. కాదని రాసి, తరువాత అది అబద్ధమని తేలితే వచ్చేది శాశ్వత నిషేధం. సభ్యత్వం కంటే దాన్ని దాచడమే పెద్ద ప్రమాదం. ఈ ఒక్క అంశానికి వలస న్యాయవాది రుసుము ఖర్చు పెట్టడానికి వెనుకాడవద్దు. యూత్ లీగ్ (పార్టీ యువజన సంఘం) వేరు, పార్టీ వేరు, రెండింటినీ కలిపి చెప్పవద్దు.

గ్వాంగ్‌జౌ ఇంటర్వ్యూ

చైనా ప్రధాన భూభాగంలోని వలస వీసా ఇంటర్వ్యూలు ఏ రాష్ట్రం వారికైనా గ్వాంగ్‌జౌ కాన్సులేట్‌లోనే జరుగుతాయి. వైద్య పరీక్ష కాన్సులేట్ గుర్తించిన ఆసుపత్రిలోనే చేయించాలి. క్షయ అనుమానం వస్తే కఫం కల్చర్ ఫలితానికి రెండు నెలల వరకు పట్టవచ్చు, కాబట్టి పాత క్షయ చరిత్ర ఉన్నవారు ఇంటర్వ్యూకు ముందు రోజుదాకా ఆగకూడదు. వీసా వచ్చేనాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోయినా, అమెరికాలో అడుగుపెట్టేనాటికి ఎన్నేళ్లన్నదే ముఖ్యం: అప్పటికీ రెండేళ్లు నిండకపోతే రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డు వస్తుంది, దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 (ఆ షరతులను తొలగించమని కోరే ఫారం) వేయాలి.

పిల్లలు, అత్తమామలు

భాగస్వామి మొదటి వివాహంలోని బిడ్డకు 18 ఏళ్లు నిండకముందే మీ పెళ్లి జరిగి ఉంటే ఆ బిడ్డకు మీరు పిటిషన్ వేయవచ్చు. పౌరులు ప్రతి బిడ్డకూ విడిగా ఐ-130 వేయాలి. ఎఫ్2ఏలో తల్లితో పాటు వచ్చే బిడ్డ కేసు, మీరు పౌరులైన క్షణంలో ఆ అవకాశాన్ని కోల్పోతుంది కాబట్టి అప్పుడు కొత్త పిటిషన్ వేయాలి. బిడ్డ సంరక్షణ ఎవరిదో చెప్పే విడాకుల ఒప్పందం, బిడ్డను కన్నవారిలో రెండోవారి సమ్మతి ముందే సేకరించండి.

అత్తమామలకు మీరు పిటిషన్ వేయలేరు. మీ భాగస్వామి పౌరులయ్యాకే, తల్లికీ తండ్రికీ వేరువేరుగా, వారే వేయాలి. పౌరుడితో కాపురం చేస్తున్నవారికి గ్రీన్ కార్డు వచ్చిన మూడేళ్లకు, మిగిలినవారికి ఐదేళ్లకు ఆ అర్హత వస్తుంది. ఈలోగా అత్తమామలు బి-2 (సందర్శక వీసా) మీద వచ్చి వెళ్లవచ్చు. 2014 నవంబరు నుంచి చైనా పౌరులకు పదేళ్ల బి-2 వీసా దొరుకుతోంది. దాన్ని వాడాలంటే ఈవస్ అనే ఆన్‌లైన్ నమోదు రెండేళ్లకొకసారి, పాస్‌పోర్టు మారినప్పుడల్లా చేయాలి. అది మరచి విమానాశ్రయానికి వెళ్తే విమానం ఎక్కనివ్వరు. ఇంటర్వ్యూలో మీ ఆహ్వాన లేఖ కంటే వారి పింఛను, సొంత ఇల్లు, అక్కడ ఉన్న ఇతర సంతానం ఎక్కువ మాట్లాడతాయి.

పౌరసత్వం తీసుకునే ముందు భాగస్వామితో స్థిమితంగా మాట్లాడండి. 1980 నాటి చైనా జాతీయత చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. మరో దేశంలో స్థిరపడి, ఇష్టపూర్వకంగా అక్కడి పౌరసత్వం పొందినవారు చైనా జాతీయతను తమంతట తామే కోల్పోతారు. ఆ తరువాత కన్నవారిని చూడటానికి వారికి చైనా ఇచ్చే క్యూ2 వీసా (బంధువులను చూసేందుకు ఇచ్చేది) కావాలి. అలాగే చైనా తల్లి అమెరికాలో శాశ్వత నివాసి కాకముందే ఇక్కడ పుట్టిన బిడ్డను చైనా తన జాతీయుడిగానే లెక్కిస్తుంది; ఆ బిడ్డకు చైనా కాన్సులేట్ వీసా ఇవ్వదు, ట్రావెల్ డాక్యుమెంట్ ఇస్తుంది. తాతయ్య, అమ్మమ్మలను చూడటానికి టికెట్లు కొనే ముందే దానికి దరఖాస్తు చేసి, తిరుగు ప్రయాణానికి బిడ్డ అమెరికా పాస్‌పోర్టును కూడా వెంట ఉంచుకోండి. అక్కడ హోటల్‌లో కాక అత్తవారింట్లో బసచేస్తే, చేరిన 24 గంటల్లో స్థానిక పోలీసు స్టేషన్‌లో మీ పేరు నమోదు చేయించాలి.