చావు మీద హుషారైన రాక్ పాట కట్టడం ఎలా

చావు పాట అనగానే చాలా బ్యాండ్లు దిగులుగా వినిపించే మైనర్ స్కేల్లోకి దిగి, వేగం నిమిషానికి 70 దెబ్బలకి తగ్గించేస్తాయి. మన తత్వాలు అలా ఏడవలేదు. తంబూరా, చిడతలతో కాలు ఆడించే దరువులోనే 'నువ్వూ పోయేవాడివే' అనేశాయి. బెజవాడ, గుంటూరు వీధుల్లో పాడె ముందు మోగే డప్పు కూడా చిందేయించేదే. కాబట్టి బాణీ నవ్వాలి, బరువంతా మాటల్లో ఉండాలి.

వేగం 148, తాళం 4/4, శ్రుతి డి మేజర్. ముందు పల్లవి కట్టండి. బార్‌కి, అంటే నాలుగు దెబ్బల ఒక చుట్టుకి, ఎనిమిది మాత్రలు: లఘువుకి ఒకటి, గురువుకి రెండు. 'పోతాం పోతాం' సరిగ్గా ఎనిమిది. దాని కింద 'అందరం పోతాం' అని రాస్తే తొమ్మిదవుతుంది. గాయకుడు 'రం'ని మింగేస్తాడు, లేదా డ్రమ్స్ కంటే వెనకబడతాడు. 'మనమూ పోతాం' అనండి, ఎనిమిదికి దిగుతుంది, పైగా వేలు మనవైపే తిరుగుతుంది. మూడో బార్ 'ఈలోగా ఒక', నాలుగోది 'పాటా...' అని సాగదీత. సాగదీత 'పోతాం' మీద పెట్టకండి. సున్నా దగ్గర నోరు మూసుకుపోతుంది, జనం అరవలేరు. 'టా' అయితే గొంతు తెరుచుకుంటుంది.

కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుత్తులు): డి, బి మైనర్, జి, ఎ, బార్‌కొకటి. బి మైనర్ 'మనమూ' కిందే రావాలి. చరణాల్లో డి, జి, ఎ మాత్రమే వాడండి. బి మైనర్ ముందే వినిపిస్తే పల్లవిలో ఆ దెబ్బ తగలదు.

చరణంలో 'మరణం', 'మృత్యువు' లాంటి మాటలు పెడితే ప్రవచనం అయిపోతుంది. 'టపా కట్టేశాడు' అంటే కామెడీ. పోయినవాళ్ల పేరెత్తకుండా ఒక వస్తువు చూపించండి: కొక్కేనికి చొక్కా, జేబులో నలిగిన గుంటూరు బస్సు టికెట్. రెండో చరణంలో ఆ చొక్కా ఇంకొకరు తొడుక్కోవాలి. అంతకుమించి వివరిస్తే పాట చెడుతుంది.

మొత్తం 120 బార్లు, మూడుంపావు నిమిషాలు: ఆరంభం 8, చరణం 16, పల్లవి 16, మళ్లీ ఆ రెండూ, సోలో 16, డప్పు 8, చివరి పల్లవి 24. డప్పు దగ్గర గిటార్లన్నీ ఆగిపోవాలి, వేగం మాత్రం తగ్గకూడదు. అక్కడ డ్రమ్మర్లు 140కి జారిపోతుంటారు. చెవిలో క్లిక్ (వేగం చెప్పే టిక్కు టిక్కు శబ్దం) ఉంచండి. డప్పు ముందే కాచి పక్కన పడేస్తే చర్మం వదులై 'బొద్దు'మంటుంది, సిటికెన పుల్ల (డప్పు వాయించే సన్న పుల్ల) దెబ్బ వినపడదు. పాటకి ముందు కాచాలి, స్టేజీ వెనక, బాణసంచాకీ వైర్లకీ దూరంగా.

మే నెలలో ఏసీ గదిలోంచి గిటార్ నేరుగా ఆరుబయట స్టేజీకి తెస్తే, తీగలు వేడెక్కి శ్రుతి దిగిపోతుంది. అరగంట ముందే బయటపెట్టి, ఎక్కేముందు మళ్లీ శ్రుతి చేసుకోండి.

ముగింపులో చివరిసారి 'ఈలోగా ఒక' దగ్గరే తెగ్గొట్టండి. 'పాటా' రాకూడదు. డ్రమ్మర్ సింబల్స్‌ని (డ్రమ్స్ మీది లోహపు పళ్లేలని) చేత్తో పట్టేయాలి, గిటారిస్టులు తీగల మీద అరచెయ్యి వేసి వాల్యూమ్ సున్నాకి తిప్పాలి. గిటార్ ధ్వనిని గరుకు చేసే డిస్టార్షన్ పెడల్ గుయ్యిమంటే ఆ నిశ్శబ్దం పోయినట్టే.