హీబ్రూ నేర్చుకుందాం - 4: అక్షరాల కింది చుక్కలు

అక్షరాలయ్యాయి, కుడి నుంచి ఎడమకు చదవడమూ అలవాటైంది కాబట్టి ఇవాళ అచ్చులు. హీబ్రూ అక్షరాలన్నీ హల్లులే, అచ్చు గుర్తులు ఎక్కువగా అక్షరం కిందే పడతాయి. మన గుణింతం లాంటిదే అనుకోండి, కాకపోతే వాటిని తీసేసినా రాత చెల్లుతుంది, అచ్చులు చదివేవాడే పెట్టుకోవాలి.

నాలుగు గుర్తులు చాలు. ఒక్క చుక్క హిరిక్, 'ఇ'. అడ్డగీత పతాహ్, 'అ'. ఆ గీతకు కిందికి చిన్న కాడ ఉంటే కమెత్స్, 'ఆ'. పైన రెండు, కింద ఒకటి, మూడు చుక్కలుంటే సెగోల్, 'ఎ'.

ఇప్పుడు మేమ్, టేత్, హే రెండుసార్లు రాయండి. మొదటిసారి మేమ్ కింద హిరిక్, టేత్ కింద కమెత్స్ పెడితే మిట్టా, మంచం. రెండోసారి పతాహ్, సెగోల్ పెడితే మట్టె, కర్ర. టేత్ లోపల చుక్క పెడితే ఒత్తు వస్తుంది, చివరి హే పలకదు.

ముసలి యాకోబు దేనిమీద వంగాడు? తెలుగు బైబిల్ తీసి చూడండి: ఆదికాండం 47:31లో మంచం, హెబ్రీయులకు 11:21లో చేతికర్ర. చుక్కల్లేని ప్రతిని చూసి పాత గ్రీకు అనువాదకులు మట్టె అని చదివారు, కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రికలోకి (హెబ్రీయులకు రాసిన లేఖ) ఆ గ్రీకు పాఠమే వచ్చింది.

ప్రొటెస్టంట్ పండితులకు టెన్షన్ పట్టుకుంది ఇక్కడే. పోపు కాదు, గ్రంథమే ప్రమాణం అన్నవాళ్లకు ఆ గ్రంథంలోని అచ్చులు ఎవరో తర్వాత పెట్టినవి అంటే ఎలా ఉంటుంది? ఆ మాట 1538లో వెనిస్‌లో అన్నది యూదు వ్యాకర్త ఎలియా లెవిటా, పైగా బాసెల్‌లో సెబాస్టియన్ మ్యూన్‌స్టర్ లాటిన్‌లోకి తెచ్చి వీళ్లకు చదువు చెప్పింది ఆయన వ్యాకరణాలతోనే! చుక్కలు తాల్ముద్ (యూదుల ధర్మశాస్త్ర చర్చల సంపుటి) తర్వాతివి, గలిలయలోని తిబెరియ ఊరి పండితులు పెట్టినవి అని ఆయన వాదన. కాదు, బైబిల్లోని శాస్త్రి ఎజ్రా కాలం నాటివే అని బాసెల్ ప్రొఫెసర్ యోహానెస్ బక్స్‌టార్ఫ్ 1620లో పుస్తకమే రాశాడు. నాలుగేళ్లకు ఫ్రాన్స్‌లో సోమ్యూర్‌లోని లూయీ కాపెల్, తనూ ప్రొటెస్టంటే, లెవిటా పక్షాన రాసిన పుస్తకం లేడెన్‌లో రచయిత పేరు లేకుండా వచ్చింది. 1675లో స్విస్ సంఘాలు చుక్కలూ దైవప్రేరితమేనని విశ్వాసపత్రంలోకి ఎక్కించేదాకా పోయింది వ్యవహారం. కాలం విషయంలో కాపెలే గెలిచాడు, కానీ చుక్కలు తర్వాతివైనంత మాత్రాన అవి చూపించే ఉచ్చారణ కూడా కొత్తదే అనుకోవద్దు, అది నోటినోటా వచ్చింది.

హోంవర్క్: దాలెత్, బేత్, రేష్. మొదటి రెండిటి కింద కమెత్స్ పెట్టి ఒకసారి, సెగోల్ పెట్టి ఒకసారి రాసి పైకి చదవండి. చుక్కలేని బేత్‌ను 'వ' అనాలి. ఒకటి 'మాట', ఇంకోటి 'తెగులు'. నిలువుగా రెండు చుక్కలుండే షెవా కాస్త మొండిది, దాన్ని వచ్చే పాఠంలో పడదాం.