సైకిల్ ఫ్రేమ్ తయారీ, 4వ పాఠం: పైపు మూతికి ఆకురాయి

పోయిన పాఠంలో గోడకు అంటించిన పెద్ద కాగితం మీద మీ ఫ్రేమ్ బొమ్మను అసలు కొలతలతో గీశారు కదా. హ్యాండిల్ కింద ముందుండే హెడ్ ట్యూబు, సీటును మోసే సీటు ట్యూబు రెండూ నేలతో 73 డిగ్రీలు. పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్, రెండు చక్రాల ఇరుసులను కలిపే గీతకు 70 మిల్లీమీటర్లు కింద. ఆ బొమ్మను అలాగే గోడ మీద ఉండనివ్వండి. ఈ వారం మనకు కావలసినవి రెండు పైపు ముక్కలు, ఒక ఆకురాయి, ఒక తెల్ల కాగితం. మంట ఇంకా వెలిగించం.

నా షెడ్డుకు వచ్చేవాళ్లలో చాలామంది చూడాలనుకునేది మంటనే. ఇత్తడి కరిగి ఎర్రటి ఇనుము చుట్టూ పారడం నిజంగానే అందంగా ఉంటుంది. కానీ ఒక ఫ్రేమ్ మీద నేను పెట్టే గంటల్లో మంట ముందు గడిచేవి చాలా తక్కువ. మిగతా సమయమంతా ఆకురాయితోనే. ఫ్రేమ్ మంచిదా చెడ్డదా అన్నది తేలిపోయేది కూడా అక్కడే.

ఈ రోజు పొద్దున జరిగింది చెబుతాను. నాలుగున్నరకు లేచి, రాత్రే గాలి కొట్టి ఉంచిన సైకిల్‌తో నార్సింగి వైపు వెళ్లాను. అవుటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, 2023 అక్టోబరులో తెరిచారు. హైదరాబాదులో కార్ల భయం లేకుండా కొత్త ఫ్రేమ్‌ను పరీక్షించుకోవడానికి నాకు దొరికిన చోటు అది. నేను తొక్కింది ఇంకా రంగు వేయని ఫ్రేమ్. నా సైజుదే కాబట్టి సొంతదారుకు ఇచ్చే ముందు నేనే తొక్కి చూస్తున్నాను. ముందూ వెనకా ఎవరూ లేని చోట హ్యాండిల్ మీంచి రెండు చేతులూ మెల్లగా తీశాను. సైకిల్ ఎటూ లాగలేదు. గీత గీసినట్టు తిన్నగా పోయింది. అతుకులు వేసే ముందు ఆ పైపులు ఒకదానిలో ఒకటి ఎంత శాంతంగా కూర్చున్నాయో అప్పుడు గుర్తొచ్చింది.

పైపులు శాంతంగా కూర్చోవడమే ఈ పాఠం.

ఒక పైపు మూతిని ఇంకో పైపు గుండ్రానికి సరిపోయేలా కోయడాన్ని మైటర్ అంటారు. సరిగ్గా కోస్తే కోసిన మూతి చేప నోరు తెరిచినట్టు కనిపిస్తుంది. నా షెడ్డులో అడ్డంగా ఉండేదాన్ని తల్లి పైపు అనీ, దానికి ఆని నిలబడేదాన్ని పిల్ల పైపు అనీ అంటాం. కోసేది ఎప్పుడూ పిల్ల పైపునే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, అతుకు వేసే లోహం సందులోకి తనంతట తానే పాకాలి. దీపం వత్తి నూనెను లాక్కున్నట్టు, సన్నని సందు కరిగిన లోహాన్ని లోపలికి లాక్కుంటుంది. 56 శాతం వెండి ఉన్న కడ్డీ 650 డిగ్రీల దగ్గర నీళ్లలా పారుతుంది. దానికి 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల సందు చాలు. అంతకన్నా బాగా వెడల్పయితే లాగే బలం పోతుంది. ఇత్తడి కడ్డీకి 900 డిగ్రీల దగ్గరదాకా వేడి కావాలి, పెద్ద సందునైనా అది పైపైన కప్పేస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. పైనుంచి చూస్తే నున్నగా, నిండుగా కనిపిస్తుంది. లోపల మాత్రం ఇనుము ఇనుమును తాకి ఉండదు.

నేను చేసిన మూడో ఫ్రేమ్‌లో ఇలాగే జరిగింది. టాప్ ట్యూబు, అంటే పైన అడ్డంగా ఉండే పైపు, సీటు ట్యూబును కలిసే చోట అడుగున దాదాపు ఒక మిల్లీమీటరు సందు ఉంది. ఇత్తడి నింపి, ఆకురాయితో నునుపు చేసి, రంగు వేయించాను. రెండో వేసవిలో 300 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువు పెట్టి తొక్కే దూరప్రయాణం, తొక్కుతున్నాను. దాన్ని ఇరవై గంటల్లో ముగించాలి. సగం దాటాక పెడల్ వేసినప్పుడల్లా టిక్కు టిక్కుమని చప్పుడు. టార్చ్ వేసి చూస్తే అతుకు అంచున రంగు వెంట్రుక మందాన పగిలి ఉంది. అక్కడితో ఆగిపోయాను. తర్వాత ఆ అతుకును అడ్డంగా కోసి చూశాను. ఇత్తడి ఉంది, దాని వెనక ఖాళీ ఉంది. ఆ ముక్క ఇప్పటికీ వైస్ పక్కనే మేకుకు వేలాడుతోంది.

ఇక పనిలోకి దిగుదాం.

సాధన కోసం ఖరీదైన ట్యూబులు వద్దు. రాణిగంజ్‌లోగాని మీ ఊళ్లో ఇనుప సామాను అమ్మే చోటగాని అంగుళం పైపు, అంగుళంపావు పైపు తలా ఒక మీటరు కొనండి. కుర్చీలకు, గేట్లకు వాడే మామూలు పైపులే, 16 గేజు మందంవి. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, అంగుళంపావు అంటే 31.8. సన్నది పిల్ల, లావుది తల్లి. గోడ మందం 1.6 మిల్లీమీటర్లు ఉండడం వల్ల మీ తప్పులను కాస్త ఓర్చుకుంటాయి. అసలు ఫ్రేమ్ ట్యూబుల గోడ చివర్లలో 0.9, నడుమ 0.6 మాత్రమే ఉంటుంది. ఇలా చివర్లు మందంగా, నడుమ పల్చగా ట్యూబులు తీసే పద్ధతికి బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లోనే పేటెంట్ తీసుకున్నాడు. మనకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది: మైటర్ ఎప్పుడూ ఆ మందమైన చివరలోనే పడాలి. ట్యూబు పొడవు తగ్గించాలంటే రెండు చివర్ల మందాన్నీ కొలిచి చూసుకోకుండా రంపం పెట్టకూడదు.

పైపును వైస్‌లో నేరుగా బిగిస్తే నొక్కుకుపోతుంది. ఒక చెక్క దిమ్మకు పైపు లావున రంధ్రం చేసి, ఆ రంధ్రం మధ్యగా దిమ్మను రెండుగా కోయండి. రంపం తిన్న చెక్క మందమే పైపును పట్టుకునే బిగింపు అవుతుంది.

పిల్ల పైపును 200 మిల్లీమీటర్ల ముక్కగా కోయండి. ఇప్పుడు చాలామంది దాటేసే పని: పైపు పొడవునా ఒక తిన్నని గీత కావాలి. గుండ్రటి పైపు మీద స్కేలు నిలవదు. ఎల్ ఆకారపు యాంగిల్ ముక్కను పైపు మీద బోర్లిస్తే దానంతట అది తిన్నగా కూర్చుంటుంది. దాని అంచు వెంట సూదితో గీయండి. పెన్సిల్ వద్దు. అంగుళం పైపు చుట్టుకొలత 79.8 మిల్లీమీటర్లు, అంటే ఒక డిగ్రీ తిరగడం అంటే పైపు మీద 0.22 మిల్లీమీటర్లే. పెన్సిల్ గీత మందమే అర మిల్లీమీటరు, రెండు డిగ్రీల పైమాట.

రెండు డిగ్రీలకు ఏమవుతుందిలే అనిపించవచ్చు. టాప్ ట్యూబుకు రెండు చివర్లా మైటర్ ఉంటుంది, ఒకటి సీటు ట్యూబుకు, ఒకటి హెడ్ ట్యూబుకు. ఆ రెండు నోళ్లూ ఒకే వైపు చూడాలి. ఒకటి ఒక్క డిగ్రీ తిరిగి ఉండి, హెడ్ ట్యూబు ఆ ట్యూబు మాటే విన్నదనుకోండి. నేల నుంచి 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఒక డిగ్రీ వంపు ఉంటే, కింద నేలను తాకే చోటికి ముందు చక్రం దాదాపు 14 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. చేతులు వదిలితే సైకిల్ ఎటో లాగడానికి తరచుగా ఇదే కారణం. ఆ సూది గీత రెండు నోళ్లకూ ఒకటే ఆధారం.

కాగితం సంగతికి వద్దాం. 80 మిల్లీమీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వెడల్పుతో ఒక పట్టీ కత్తిరించి పైపుకు చుట్టి చూడండి. అంచులు సరిగ్గా కలవాలి. విప్పి, పొడవును 12 సమ భాగాలు చేయండి. సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిస్తే నాలుగు భాగాలు. ఒక్కో భాగాన్ని స్కేలుతో మూడు చేయండి. పట్టీ ఎడమ అంచునే మొదటి గీతగా, కుడి అంచును చివరి గీతగా లెక్కపెట్టండి. ఇప్పుడు పై అంచు నుంచి కిందికి, మొదటి గీత మీద 6.4 మిల్లీమీటర్ల దగ్గర చుక్క పెట్టండి. రెండో గీత మీద 5, మూడో దాని మీద 1.9, నాలుగో దాని మీద సున్నా, అంటే పై అంచు మీదే. అక్కడి నుంచి మళ్లీ 1.9, 5, 6.4. తర్వాతి సగం కూడా ఇలాగే: 5, 1.9, సున్నా, 1.9, 5, 6.4. చుక్కలను మెల్లని వంపుతో కలిపితే రెండు అలలు వస్తాయి. అల మీద కత్తిరించండి.

ఈ అంకెలు నా నోటిలోంచి ఊడిపడినవి కావు. మీరూ కట్టుకోవచ్చు. తల్లి పైపు వ్యాసార్ధాన్ని వర్గం చేయండి. పిల్ల పైపు నడి గీత నుంచి మీ చుక్క పక్కకు ఎంత దూరంలో ఉందో ఆ దూరాన్ని వర్గం చేసి అందులోంచి తీసేయండి. మిగిలినదానికి వర్గమూలం కట్టండి. ప్రతి చుక్కకూ వచ్చిన ఫలితంలోంచి చెవి దగ్గర, అంటే పై అంచు మీద సున్నా పడిన చుక్క దగ్గర, వచ్చిన ఫలితాన్ని తీసేస్తే ఎంత లోతు కోయాలో తెలుస్తుంది. రెండు పైపులూ ఒకే లావైతే ఈ లోతు సరిగ్గా వ్యాసార్ధమంత అవుతుంది. 28.6 ట్యూబు మీద 28.6 ట్యూబు అయితే 14.3 మిల్లీమీటర్లు. అప్పుడు పక్క చెవులు కత్తిలా పల్చబడతాయి, వేళ్లు జాగ్రత్త.

కాగితం మొదటి గీతను పైపు మీది సూది గీతతో కలిపి అంటించండి. అల పక్కనే సూదితో గీసి కాగితం తీసేయండి. పైపు తల్లి వైపు నుంచి ఎలా కనిపిస్తుందో ఊహించుకుంటే, రెండు పక్కలా రెండు చెవులు, వాటి మధ్య ఒక లోయ. అంగుళానికి 32 పళ్లుండే హ్యాక్సా బ్లేడుతో ఆ లోయలో వి ఆకారంలో రెండు ఏటవాలు కోతలు కోయండి. గీతకు ఒక మిల్లీమీటరు ఇవతలే ఆగండి.

ఇక ఆకురాయి. అరగుండ్రందే కావాలి. దాని పొట్ట వంపు తల్లి పైపు వంపుకు సమానంగానైనా, అంతకన్నా ముడుచుకుని అయినా ఉండాలి. అంతకన్నా చదునుగా ఉంటే లోయ అడుగుకు అది ఎప్పటికీ చేరదు. పైపు వైస్‌లోంచి 40 మిల్లీమీటర్లకు మించి బయటికి ఉండకూడదు, లేకపోతే కిరకిరలాడుతుంది. ఆకురాయికి ముందే సుద్దముక్క రుద్దితే రజను పళ్లలో ఇరుక్కోదు. తోసేటప్పుడే నొక్కండి, వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తండి. లోయ పైఅంచు, కిందిఅంచు రెండూ ఒకేసారి ఆకురాయి కింద ఉండాలి. మీ మోచేయి కిందికి దిగితే కోత వాలిపోతుంది. అందరి చేతా మొదట్లో జరిగే తప్పు ఇదే. ఇరవై తోపులకు ఒకసారి ఆగి, పైపును అర చుట్టు తిప్పి బిగించి అవతలి వైపు నుంచి కూడా రుద్దండి. మీ చేతి వాలు రెండు పక్కలా పంచుకుని దానంతట అది సరిపోతుంది.

గీత దగ్గరికి వచ్చాక గీతను నమ్మడం మానేసి తల్లి పైపును నమ్మండి. తల్లి పైపు మీద కాటుక పల్చగా రుద్దండి. పిల్ల పైపును దాని మీద ఆనించి వెంట్రుకవాసి అటూ ఇటూ కదిపి తీయండి. నల్లగా అంటిన చోట్లే ఎత్తుగా ఉన్న చోట్లు. అక్కడే, అంతే, రెండు మూడు తోపులు. మళ్లీ ఆనించండి. నలుపు నాలుగు చుక్కల నుంచి ముక్కలు ముక్కలుగా, తర్వాత ఒక నిండు వలయంగా మారుతుంది. మొదటిసారి దీనికి నాకు రెండు గంటలకు పైగా పట్టింది. మీకూ పట్టనివ్వండి, తొందరేం లేదు.

వలయం పూర్తయ్యాక మూడు పరీక్షలు. మూలమట్టం పెట్టి రెండు పైపుల మధ్య 90 డిగ్రీలు ఉందేమో చూడండి. తర్వాత లైట్లు ఆర్పి, పిల్ల పైపు వెనక చివరలో టార్చ్ పెట్టండి. అతుకు చుట్టూ వెలుగు ఎక్కడ కారుతుందో తెలిసిపోతుంది. చివరిగా మామూలు జిరాక్స్ కాగితం తీసుకోండి, దాని మందం 0.1 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అది ఎక్కడా దూరకూడదు. ఈ పరీక్షలన్నీ చేత్తో మెల్లగా ఆనించి చేయాలి. క్లాంపుతో బిగించి సందు మూసేస్తే లెక్క కాదు. బలవంతంగా దగ్గరికి లాగిన పైపులు మంట తగలగానే ఆ బిగువును వదిలేస్తాయి, ఫ్రేమ్ మీ కళ్లముందే వంగుతుంది.

73 డిగ్రీల మైటర్ దీని తర్వాతే. అక్కడ లోయ ఒక అంచు ముందుకు, ఒక అంచు వెనక్కి జరుగుతుంది. అంగుళం పైపుకు చెరో 3.9 మిల్లీమీటర్లు. కాగితం మీద రెండు అలలు ఒకే ఎత్తులో ఉండవు, అంతే తేడా. రుద్దడం, కాటుక, టార్చ్ అన్నీ ఇవే.

ఈ వారానికి 90 డిగ్రీల మైటర్లు ఐదు కోయండి. ఒక్కో ముక్క మీద మార్కర్‌తో నంబరు, తేదీ, పట్టిన సమయం రాసుకోండి. ఐదోదాన్ని లోపలా బయటా 20 మిల్లీమీటర్ల మేర ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, కాటుక జిడ్డంతా థిన్నర్‌తో తుడిచేయండి. జిడ్డు ఉన్న చోట ఏ లోహమూ పట్టుకోదు. ఆ తర్వాత దాన్ని వేళ్లతో ముట్టుకోకుండా శుభ్రమైన కాగితంలో చుట్టి దాచండి. తల్లి పైపు మీద ఆ నోరు కూర్చునే చోట నడిమధ్యన 4 మిల్లీమీటర్ల రంధ్రం కూడా ఒకటి చేసి పెట్టండి. మంట పెట్టినప్పుడు లోపలి వేడిగాలి పోవడానికి దారి కావాలి. 5వ పాఠంలో ఆ ముక్కకే మొదటి ఇత్తడి అతుకు వేస్తాం.